లేచి నిలిచినవాడెల్ల కోలుకొన్నవాడు కాడు

సంక్రాంతి దినములలో మణుగూరు ప్రాంతపు పల్లెలకు పోయి చూచినచో చెడుగుడు బరి కనబడక మానదు. ఒక వంక గోదావరి, మరియొక వంక అడవి, నడుమ బొగ్గుగనులు, వరిపొలములు, కోయగూడెములు గల యీ సీమలో యువకులకు ఖర్చులేని వినోదము చెడుగుడే. ఊరికి పేరు తెచ్చు విద్యయు అదియే. ఒక్కొక్కప్పుడు క్రీడాకారుల కోటాలో ఉద్యోగము దొరకునను ఆశకు ఆధారమును అదియే.

కూతకు పోయిన యువకుని నలుగురు కూడి పట్టుదురు. ఒకని మోకాలో, ఇంకొకని నడినెత్తియో ఆతని కణతకు తగులును. ఆతడు నేలకొరుగును. బరిచుట్టు ఉన్న జనము క్షణకాలము నిశ్శబ్దమగును. ఎవరో ముఖమున నీళ్లు చల్లుదురు. ఆతడు కన్నులు తెరచి, లేచి, దుమ్ము దులుపుకొని నిలువబడును. వెంటనే చప్పట్లు, ఈలలు మిన్నుముట్టును. మరుసటి కూతకు ఆతడే పోవును. ఇట్టి దృశ్యమును చూడనివారు మన పాఠకులలో అరుదు. ఆ చప్పట్లు కొట్టినవారిలో మేమును ఒకరమే. వానిని గూర్చియే నేడు నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

ఆ యువకుని మూడు వారముల పిమ్మట ఎవరును చూడబోరు. ఆతని తలనొప్పి తగ్గలేదు. పుస్తకము తెరచిన అక్షరములు కదలాడును. మంచముమీదినుండి లేచిన కన్నులు తిరుగును. మధ్యాహ్నపు వెలుతురు ఓర్వలేడు. డప్పు మ్రోత వినలేడు. రాత్రి నిద్రపట్టదు, పగలు మబ్బుగా నుండును. నెమ్మదియైనవాడు చిన్నమాటకే కసరుకొనును. ఆస్పత్రికి పోయి సీటీ స్కాను తీయించిరి. అందు దోషమేమియు లేదనిరి. అప్పటినుండి ఇంటిలో వినబడు మాట యొక్కటే: “స్కానులో ఏమీ లేదన్నారుగదరా, ఇంకా ఎందుకీ వేషాలు?” తోటివారు పిరికివాడందురు. వృద్ధురాలెవరో దిష్టి తీయుదురు. ఆతడు తనను తానే అనుమానింప మొదలిడును. దెబ్బ కంటె ఈ అనుమానమే ఎక్కువ బాధపెట్టును. ఇది యొకరి కథగా వ్రాయుట లేదు; తలకు దెబ్బతగిలిన ఆటగాండ్రలో కొందరికి ఎల్లచోట్లను జరుగుచున్నదే వ్రాయుచున్నాము.

ఇట్టి దెబ్బను వైద్యులు కంకషన్ అందురు. మెదడు అదరుట యని మనము చెప్పుకొనవచ్చును. మెదడు పుఱ్ఱెలో బిగించిన వస్తువు కాదు. జున్నువలె మెత్తనిదై, పలుచని ద్రవములో తేలుచుండును. తల యకస్మాత్తుగా విసరబడినను, త్రిప్పబడినను, వేగముగా పోవుచు ఆగిపోయినను, మెదడు లోపల ఊగును. అందలి సన్నని నరపుపోగులు సాగును. కణముల గోడలయందలి ద్వారములు తెరచుకొని లోపలి పొటాషియము వెలుపలికిని, వెలుపలి కాల్షియము లోపలికిని పోవును. చెదరిన ఆ సమతూకమును తిరిగి కూర్చుటకు కణములకు చక్కెర ఎక్కువగా కావలసి వచ్చును. సరిగా ఆ సమయముననే మెదడునకు రక్తప్రవాహము తగ్గును. ఖర్చు పెరిగి రాబడి తగ్గిన సంసారము ఎట్లుండునో, అదరిన మెదడు అట్లుండును. కాలిఫోర్నియా పరిశోధకులు గీజా, హోవ్డా అనువారు 2001 సంవత్సరమున ఈ క్రమమును వివరించిరి. తలకే దెబ్బ తగులవలెనన్న నియమము లేదు. రొమ్మునకు తగిలి తల విదిలింపబడినను చాలును. స్మృతి తప్పవలెనన్న నియమమును లేదు. ఎక్కువమందికి తప్పనే తప్పదు.

సీటీ స్కాను పుఱ్ఱె పగులును చూపును, లోపల కారిన నెత్తురును చూపును. కణములలో జరుగు ఈ అల్లకల్లోలమును చూపలేదు. ఇంటి గోడలు కూలినవో లేదో చూచి వచ్చినవాడు, ఆ యింటిలోని తగవును గూర్చి సాక్ష్యము చెప్పగలడా? స్కానులో దోషము లేదనుట మంచి వార్తయే. ప్రాణాపాయము లేదని దాని యర్థము. బాధ లేదని కాదు.

అయినను, మొదటి గంటలలో వైద్యుల దృష్టి ప్రాణాపాయము మీదనే యుండును, ఉండవలెను. 1998 ఫిబ్రవరిలో భారత క్రికెట్ ఆటగాడు రమణ్ లాంబా ఢాకా నగరమున శిరస్త్రాణము లేకుండ బ్యాట్స్‌మన్‌కు దగ్గరగా నిలిచి ఫీల్డింగ్ చేయుచుండగా బంతి తలకు తగిలినది. ఆయన తన కాళ్లమీదనే నడచి మైదానము వీడెను. మూడు దినములకు మరణించెను. కావున తలకు దెబ్బతగిలినవాడు మరల మరల వాంతి చేసికొనినను, తలనొప్పి గంట గంటకు హెచ్చినను, మూర్ఛ వచ్చినను, చేయియో కాలో పట్టుతప్పినను, ఒకటి రెండుగా కనబడినను, మాట తడబడినను, లేపిన కొలది నిద్రలోనికి జారుచున్నను, మెడ తీవ్రముగా నొచ్చినను, క్షణమైన ఆలసింపక 108 బండిని పిలువవలెను. ఆ దినమంతయు ఆతనిని ఒంటరిగా విడువరాదు; మోటారు సైకిలు నడపనీయరాదు; మద్యము ముట్టనీయరాదు.

ఈ ప్రమాదచిహ్నములు లేవు, లేచి నిలిచినాడు, ‘బాగున్నాను’ అనుచున్నాడు. అట్టివానిని ఆడనీయవచ్చునా? మన అభిప్రాయములు తప్పుదారి పట్టినది ఇచ్చటనే యని మా నమ్మకము.

గాయపడియు ఆడినవానిని పూజించుట మనకు అలవాటు. 1962 సెప్టెంబరులో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టు దక్షిణ కొరియాను 2–1 గోల్సుతో గెలిచి స్వర్ణపతకము పొందెను. ఆ జట్టునకు గురువు మన హైదరాబాదువాడగు సయ్యద్ అబ్దుల్ రహీం. వెనుక వరుసలో ఆడు జర్నైల్ సింగునకు అంతకుముందు థాయిలాండుతో జరిగిన ఆటలో తలకు గాయమై కుట్లు పడినవి. రహీం ఆయనను ముందు వరుసలో నిలిపెను. రెండు గోల్సులలో ఒకటి ఆయనయే చేసెను. ఆ విజయము దేశమునకు గర్వకారణము. దానిని తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. నాటి వైద్యమునకు తెలిసినది అంతే. అదే సంవత్సరము మార్చిలో బార్బడోస్ ద్వీపమున భారత క్రికెట్ నాయకుడు నారీ కాంట్రాక్టరునకు గ్రిఫిత్ వేసిన బంతి తలకు తగిలి పుఱ్ఱె పగిలెను. శస్త్రచికిత్స చేసి, ఎదిరిజట్టు నాయకుడు ఫ్రాంక్ వోరెల్ కూడ రక్తమిచ్చి, ఆయన ప్రాణమును నిలిపిరి. ఆయన మరల టెస్టు ఆట ఆడలేదు. ఒకే సంవత్సరమున ఒక తలగాయము కీర్తికథ యయ్యెను. మరియొక తలగాయము ఒక ఆటగాని టెస్టు జీవితమును ముగించెను. మొదటిది అందరికిని జ్ఞాపకమున్నది. రెండవది నేర్పిన పాఠము మనకు అంటలేదు.

2021 జనవరిలో సిడ్నీ నగరమున జరిగిన టెస్టులో కాకినాడవాడగు హనుమ విహారి తొడ కండరము చిట్లి కుంటుచు, 161 బంతుల నెదుర్కొని 23 పరుగులతో అజేయుడై నిలిచి, అశ్విన్‌తో కూడి భారతజట్టును ఓటమినుండి తప్పించెను. దానిని చూచి గర్వింపని తెలుగువాడుండడు. మేమును గర్వించితిమి. అయితే తొడగాయమునకును తలగాయమునకును గల భేదమును గుర్తింపవలెను. కాలు నొచ్చినపుడు ‘ఇంకను ఓర్వగలనా, లేదా’ యని నిర్ణయించునది బుద్ధి. ఆ బుద్ధి చెక్కుచెదరలేదు. తల యదిరినపుడు దెబ్బతిన్నది ఆ నిర్ణయము చేయవలసిన బుద్ధియే. న్యాయాధిపతియే గాయపడిన కచేరీలో తీర్పు ఎవరు చెప్పవలెను? ‘బాగున్నాను’ అను ఆ యువకుని మాటను మనము సాక్ష్యముగా గైకొనరాదు. వాడు అబద్ధమాడుచున్నాడని కాదు. నిజము తెలియు స్థితిలో వాడు లేడు.

పెద్ద ఆటలలో ఈ సంగతిని చట్టముగా నంగీకరించిరి. అంతర్జాతీయ క్రికెట్ మండలి 2019 ఆగస్టు 1వ తేదీనుండి, మెదడు అదరిన ఆటగాని స్థానమున మరియొకని పూర్తిగా ఆడనిచ్చు నిబంధన తెచ్చెను. ఆ నెలలోనే లార్డ్స్ మైదానమున ఆర్చర్ బంతి మెడకు తగిలి పడిపోయిన స్టీవ్ స్మిత్ లేచి, తిరిగివచ్చి బ్యాటింగ్ చేసెను. మరునాటి ఉదయమునకు గాని లక్షణములు బయటపడలేదు. ఆయన బదులు లబుషేన్ ఆడెను. 2020 జనవరిలో ముంబయిలో కమిన్స్ బంతి శిరస్త్రాణమునకు తగిలి రిషభ్ పంత్ తరువాతి ఆటకు దూరముకాగా, వికెట్లవెనుక అవసరమునకు విశాఖపట్టణపు కోన శ్రీకర్ భరత్‌ను జట్టులోనికి పిలిచిరి. ఆ సంవత్సరమే డిసెంబరులో కాన్‌బెర్రాలో రవీంద్ర జడేజా తలకు బంతి తగిలిన పిమ్మటను బ్యాటింగ్ చేసి 44 పరుగులతో నిలిచెను. తరువాత ఆయనకు బదులుగా చాహల్ దిగి మూడు వికెట్లు తీసెను. ఇందులో రెండు సంగతులు గమనింపదగినవి. శిరస్త్రాణము పుఱ్ఱె పగులకుండ కాపాడును గాని లోపలి మెదడు ఊగకుండ ఆపలేదు. లక్షణములు గంటలు గడచియు, మరునాడును రావచ్చును. కోట్లు గడించు ఆటగానికి ఇన్ని రక్షణలుండగా, జాతరనాడు బరిలో దిగు మన గ్రామయువకునికి ఒక్కటియు లేకుండుట న్యాయమా?

ఎక్కువమంది పెద్దవారు పది పదునాలుగు దినములలో కోలుకొందురు; పిల్లలకు నాలుగు వారములవరకు పట్టవచ్చును. నాలుగు వారములు దాటియు బాధ నిలిచినచో దానిని దీర్ఘకాలిక లక్షణములుగా వైద్యులు పరిగణింతురు. పూర్వము ఎక్కువసార్లు తలకు దెబ్బతగిలినవారికి, పార్శ్వపు తలనొప్పిగాని మనోవ్యాకులత గాని ముందే యున్నవారికి, మొదటి దినములలో లక్షణములు తీవ్రముగా నున్నవారికి ఇట్లు సాగుట యెక్కువ. దెబ్బతగిలియు ఆట మానక కొనసాగించినవారు ఆలసించి కోలుకొందురనుటయు పరిశోధనలలో తేలినది. చప్పట్లు కొట్టి మరుసటి కూతకు పంపినవారు ఈ వాక్యమును రెండుమార్లు చదువవలెనని మా ప్రార్థన.

ఆస్ట్రేలియా యువకుడు విల్ పుకోవ్‌స్కీ కథ యీ సందర్భమున తలపునకు వచ్చును. పైని చెప్పిన సిడ్నీ టెస్టే ఆయన మొదటి టెస్టు. అందు 62 పరుగులు చేసెను. అతనికి అంతకుముందు పలుమార్లు తలకు దెబ్బలు తగిలినవి. 2024 మార్చిలో మరల తగిలినది. లక్షణములు విడువలేదు. 2025 ఏప్రిలులో, ఇరువదియేడేండ్ల ప్రాయమున, ఆట మానుచున్నట్లు ప్రకటించెను. ఆ ఒక్క టెస్టుతోనే ఆయన టెస్టు జీవితము ముగిసెను. విహారి కాలు మానినది. పుకోవ్‌స్కీ తల మానలేదు. ఒకే మైదానమున, ఒకే ఆటలో పాల్గొన్న యీ యిరువురిని ప్రక్కప్రక్కన నిలిపి చూచిన మేము చెప్పదలచినది తేటపడును.

ఇక చికిత్స. పూర్వము దీనికి చెప్పిన మందు ఒక్కటే: చీకటిగదిలో పడుకొనుట, లక్షణములన్నియు పోవువరకు కదలకుండుట. ఇప్పటి జ్ఞానము దీనిని సరిదిద్దినది. 2015లో అమెరికాలోని విస్కాన్సిన్ పరిశోధకులు, ఐదు దినములు కఠినవిశ్రాంతి తీసికొన్న యువకులకు, ఒకటి రెండు దినములు మాత్రమే విశ్రాంతి తీసికొన్నవారికంటె ఎక్కువ లక్షణములు కలిగినట్లు కనుగొనిరి. 2022 అక్టోబరులో ఆమ్‌స్టర్‌డాము నగరమున కూడిన అంతర్జాతీయ వైద్యసభయు, 2023లో ప్రకటించిన తన నిర్ణయములలో, మొదటి 24 మొదలు 48 గంటలు మాత్రము సాపేక్షవిశ్రాంతి చెప్పినది. అనగా ఇంటిలో మామూలు పనులు చేసికొనవచ్చును, నడువవచ్చును, ఫోను, టీవీ తెరలను మాత్రము ఆ రెండు దినములు తగ్గింపవలెను. తరువాత కొంచెము కొంచెముగా కదలుటయే మందు.

ఆ కదలికకు ఒక కొలత కలదు. వైద్యుని యెదుట నడిపించి, నాడి యెంత వేగమున కొట్టుకొనునపుడు తలనొప్పి హెచ్చునో గుర్తింతురు. ఆ వేగమునకు కొంత తక్కువగా నాడి కొట్టుకొనునట్లు దినమున కొక ఇరువది నిమిషములు నడక గాని, సైకిలు గాని సాగింతురు. 2019లో లెడ్డీ అను వైద్యుడును సహచరులును 13 మొదలు 18 ఏండ్ల బాలబాలికలు 103 మందిని పరీక్షించిరి. ఆ గుర్తించిన వేగమునకు నూటికి 80 వంతుల మేర దినదినము వ్యాయామము చేసినవారు సగటున 13 దినములలో కోలుకొనగా, కేవలము ఒళ్లువిరుచు కసరత్తులు చేసినవారికి 17 దినములు పట్టినది. వ్యాయామమువలన బాధ స్వల్పముగా హెచ్చిన భయపడ నక్కరలేదు. పదింటికి రెండు పాళ్లు మించక, గంటలోపల తగ్గినచో సాగింపవచ్చును. మించినచో ఆ దినమున కాపి, మరునాడు తక్కువతో మొదలిడవలెను. యంత్రములు లేవని చింతింపనక్కరలేదు. వైద్యుడు కొలత చెప్పిన పిమ్మట, చల్లని వేళ పొలముగట్టుమీదనో, కాలనీ వీధిలోనో నడచుచు మణికట్టు నాడిని లెక్కించుటకు గడియారమొక్కటి చాలును.

దీర్ఘకాలిక లక్షణములు ఒకే రోగము కావు. పలురకముల బాధలు ఒక్కచో చేరినవి. వానిని విడదీసి చూడవలెను. తలనొప్పి పార్శ్వపునొప్పి జాతిదా, మెడ పట్టివేయుటవలన పుట్టినదా? కళ్లు తిరుగుట చెవిలోపలి సమతూక యంత్రము చెదరుటవలననా, రెండు కన్నులు కలిసి పనిచేయకుండుటవలననా, లేచి నిలిచినపుడు రక్తపుపోటు, నాడి సర్దుకొనకుండుటవలననా? చెవిలోని సన్నని రవ్వలు స్థానభ్రంశము చెందుటవలన వచ్చిన తిప్పుడైన, తెలిసిన వైద్యుడు తలను ఒక క్రమమున త్రిప్పి పెక్కుమార్లు కూర్చున్నచోటనే పోగొట్టగలడు. మెడకును సమతూకమునకును కలిపి వ్యాయామచికిత్స చేసినచో ఎంత మేలు కలుగునో 2014లో కెనడాలోని ష్నైడర్ మొదలగువారు చూపిరి: ఎనిమిది వారములలో ఆ చికిత్స పొందినవారు నూటికి 73 మంది ఆటకు తగినవారైరి, విశ్రాంతి, సామాన్య వ్యాయామములతో గడపినవారిలో నూటికి ఏడుగురే. పరీక్షింపబడినవారి సంఖ్య చిన్నదే యైనను, ఈ భేదము ఆలోచింపజేయునది.

మందుల విషయమున ఒక హెచ్చరిక. తలనొప్పి మాత్రలు మన కిరాణాకొట్లలో సైతము దొరకును. నెలకు పదునైదు దినములకు మించి మామూలు నొప్పిమాత్రలు నెలల తరబడి మ్రింగినచో, ఆ మాత్రలే తలనొప్పిని పుట్టించును. నిద్రకు వేళ నేర్పరచుకొనుట, నీళ్లు సరిగా త్రాగుట, మద్యము మానుట మాత్రలకంటె ముందు చేయవలసినవి.

మనస్సును మరువరాదు. ఆట యొక్కటే గుర్తింపుగా బ్రతికిన యువకునికి ఆట ఆగిపోయిన కాళ్లక్రింది నేల జారినట్లుండును. కనబడని గాయమునకు సానుభూతి దొరకదు. చేయి విరిగినవానికి కట్టు చూచి జనము దారి యిత్తురు, వీనికి కట్టులేదు. కోపము, దిగులు, భయము మెదడు అదరుటవలనను రావచ్చును, దాని పర్యవసానమువలనను రావచ్చును. రెంటికిని చికిత్స కలదు. మనోవైద్యునికడకు పంపుట పిచ్చివాడని ముద్రవేయుట కాదు. తండ్రి ప్రక్కన కూర్చుండి, “నీవు చెప్పేది నేను నమ్ముతున్నాను నాయనా” అనినచో సగము మందు పడినట్లే.

ఆటకు మరలుటకు ఆరు మెట్లున్నవి. లక్షణములను హెచ్చింపని దినచర్య మొదటిది. తేలికగా మొదలై మితముగా పెరుగు నడక, సైకిలు రెండవది. తలకు దెబ్బతగులు అవకాశము లేని ఒంటరి సాధన మూడవది. లక్షణములు పూర్తిగా పోయిన పిమ్మటనే, ఒకరినొకరు తాకని జట్టుసాధన నాలుగవది. వైద్యుని అనుమతితో పూర్తిసాధన ఐదవది. పందెపుటాట ఆరవది. ఒక్కొక్క మెట్టుమీద ఒక దినమైన నిలువవలెను. విద్యార్థియైన ముందు బడి చదువు పూర్తిగా కుదుటపడవలెను. తొందరపడి నడుమ మెట్లు దాటినవానికి మరియొక దెబ్బ తగిలినచో, అరుదుగానైనను, మెదడు పొంగి ప్రాణము పోవుటయు కలదు. ఏండ్ల తరబడి దెబ్బలు తినినవారి బుద్ధి మందగించుటను అమెరికా వైద్యుడు మార్ట్‌లండ్ ముష్టియుద్ధ వీరులలో 1928లోనే వర్ణించియున్నాడు.

ఇదంతయు పట్టణములవారికి గాని మాకెట్లని పాఠకులు అడుగవచ్చును. మణుగూరున సింగరేణివారి ఏరియా ఆస్పత్రి కలదు. కొత్తగూడెమున 2022లో ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది. మన ఊరితోనే రైలుదారి ముగియుచున్నను, ఆ దారియే హైదరాబాదులోని నిమ్స్ నరములవైద్యుల దగ్గరకు తీసికొనిపోవును. నాలుగు వారములు దాటిన లక్షణములున్నవారు ఆ ప్రయాణమును వాయిదావేయరాదు. దీనికంటె కష్టమైనది వేరొకటున్నది. గనిలో షిఫ్టుకు పోవలసినవాడు, కౌలుపొలములో దుక్కికి దిగవలసినవాడు, ఉద్యోగపుటెంపికకు పరుగెత్తవలసినవాడు, ‘బాధయున్నది’ అని చెప్పిన కూడుపోవునని వెఱచును. కాబట్టి దాచును. ఆటగాని ధైర్యము దాచుటలో లేదు. ఆతనికి నోరు తెరచుటకు ధైర్యమిచ్చు బాధ్యత మనది.

పందెములకు చందాలిచ్చువారు, బహుమతులు పంచువారు మన భూవసతిగల పెద్దలు, వర్తకులు, ఉద్యోగులు. వారికి కొన్ని విన్నపములు. తలకు దెబ్బతగిలినదను అనుమానము కలిగిన ఆటగాడు ఆ దినమున మరల బరిలో దిగరాదను నియమమును ఆటకు ముందే మైకులో చదివించుడు. దానిని అమలుజరుపు అధికారము జట్టుతో సంబంధములేని ఒకరికి, వీలైన వైద్యునికో నర్సుకో, ఇచ్చి ఆ మాటకు తిరుగులేకుండ జేయుడు. బయటికి వచ్చినవాని బదులు మరియొకని ఆడనిచ్చుడు. అప్పుడు దాచవలసిన అవసరమే జట్టునకు ఉండదు. బహుమతి సొమ్ములో కొంతభాగమును గాయపడినవాని వైద్యమునకును, కూలి పోయిన దినములకును ముందే వేరుచేసి యుంచుడు. బరిలో ఇసుకయో మెత్తని మన్నో పరపించుడు. ఆడపిల్లల పందెములలోను ఇవే నియమములు పాటింపుడు. ఆడపిల్లలకు లక్షణములు మరికొంతకాలము నిలుచుట కలదని వైద్యులు చెప్పుచున్నారు, వారి బాధను సిగ్గుమాటున పోనీయరాదు.

ఒక కప్పు కొనుటకు అయ్యెడు వ్యయముకంటె వీనికి ఎక్కువ కాదు. కప్పు అలమారులో మెరయును. యువకుడు ఇంటిలో మెరయవలెను.

వచ్చు సంక్రాంతికి మరల బరులు వెలయును. మరల ఎవడో పడును, లేచును. అప్పుడును చప్పట్లు కొట్టుదము. ఆతడు మరుసటి కూతకు పోయినపుడు కాదు. తోటివారు ఆతని భుజముపై చేయివేసి బరివెలుపలికి తెచ్చి నీడన కూర్చుండబెట్టినపుడు.